రెండో మెట్టు

ఫిబ్రవరి 2

ప్రిన్సిపాల్ ఒప్పుకున్నాడు. ఏప్రిల్ మొదట్లో మా సంగీత కాలేజీ హాల్లో కచేరీ. చివర్లో వదిన ఆ పాట పాడుతుంది, నేను పియానో వాయిస్తాను. దానికి ముందు పావుగంట సేపు నేను నిలబడి ఆ పాట ఎలా కట్టారో, స్వరాలు ఒకదాని మీద ఒకటి ఎలా కూర్చున్నాయో జనానికి అర్థమయ్యేలా చెప్పాలట. నాకే అర్థం కాలేదు, జనానికేం చెబుతాను.

వదినకి మాత్రం కాలు నేల మీద ఆనడం లేదు. అన్నయ్యని చేసుకుని మా ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆవిడ పాట, నా పియానో. ఎన్ని పాడామో లెక్కలేదు గానీ, ఈ పాట జోలికి మాత్రం పోలేదు. వందేళ్ళ పైబడిన పాట, మూడే పేజీలు. మామూలు పాటకి ఒక ఇల్లుంటుంది. ఊరంతా తిరిగినా చివరికి ఆ ఆధార స్వరం దగ్గరికొచ్చి చెప్పులు విప్పుతుంది. ఇది రాసినాయన ఇల్లు అమ్ముకుని రోడ్డున పడ్డాడు. క్లాసులో ఏటా ఈ జోకు వేస్తాను, ఏటా ఎవరూ నవ్వరు.

మూడో పేజీ మొదట్లో పియానో పూర్తిగా ఆగిపోతుంది. పాడేవాళ్ళు ఎంతసేపు కావాలంటే అంతసేపు నిశ్శబ్దం. తర్వాత గొంతు ఒక్కటే, ఏ ఆసరా లేకుండా, గాల్లోంచి 'డి' అనే స్వరాన్ని పట్టుకుని ఒక పాదం పాడి, మళ్ళీ ఆ డి మీదే నిలబడుతుంది. అప్పుడు కింద పియానో వచ్చి చేరుతుంది. మిగతా గాయనులు శ్రుతిదండం (కొడితే ఒకే స్వరం మోగే ఇనుప పుల్ల) అరచేతిలో దాచుకుని, చెవి దగ్గర పెట్టుకుని చూసుకుంటారని విన్నాను. వదినకి ఆ అవసరం లేదు. ఆవిడది పుట్టుకతో వచ్చిన చెవి. గ్లాసు కింద పడితే అది ఏ స్వరంలో పగిలిందో చెబుతుంది. పాడే ముందు స్వరం అందివ్వడమంటే ఆవిడకి చెంపదెబ్బ. కొత్తలో కుర్రతనం కొద్దీ ఒకసారి మీట నొక్కి ఇచ్చాను. "చంటీ, నేనడిగానా?" అంది. నాకిప్పుడు యాభై దాటాయి, ఇంకా చంటినే. మళ్ళీ ఎప్పుడూ ఇవ్వలేదు.

ఫిబ్రవరి 6

దొరికింది. మొదటి గుత్తిలోనే ఉంది. (ఒకేసారి నొక్కే స్వరాల్ని పిల్లలకి గుత్తి అని చెబుతాను. పుస్తకాల మాటకంటే ఇది నయం.) స్వరాల్ని సమానమైన ఎడంతో నిచ్చెనలా పేర్చాడు. ఎ, తర్వాత డి, తర్వాత జి, ఆ పైన సి ఉండాలి. కానీ రెండో మెట్టు పెట్టలేదు, డి లేదు. ఎడమచేతికీ కుడిచేతికీ మధ్య ఖాళీ. రెండు పేజీల పాటు పియానో అన్ని స్వరాలూ తిరుగుతుంది, ఆ ఒక్కదాన్ని మాత్రం తాకదు. ఎన్నిసార్లు చూశానో, ఎక్కడా తాకదు. చివరి గుత్తి మళ్ళీ అదే విరిగిన నిచ్చెన. పైన వదిన గొంతు డి మీద నిలబడి ఉంటుంది. నిచ్చెన పూర్తవుతుంది.

ఇల్లు అమ్ముకోలేదు, తాళంచెవి గాయని చేతికిచ్చాడు. ఇన్నాళ్ళూ క్లాసులో తప్పు జోకు వేశానన్నమాట.

వెంటనే అన్నయ్యా వాళ్ళింటికి పరిగెత్తాను. వదిన స్వరాల కాగితం మీద వేలు పెట్టి ఆ ఖాళీనే చాలాసేపు చూసింది. "అయితే ఆ మెట్టు నేనన్నమాట," అంది. ఆవిడ అంత సంతోషంగా ఉండగా ఈమధ్య చూడలేదు.

ఫిబ్రవరి 11

అన్నయ్యా వాళ్ళింట్లో సాధన. కింద ఆయన కళ్ళద్దాల షాపు, పైన ఇల్లు, కిటికీ పక్కన పియానో. పియానో శ్రుతి పైకెక్కి కూర్చుందని వదిన మొదట్నుంచీ గొణుగుతూనే ఉంది. శ్రుతి చేసే ఆయన్ని పిలిపించింది. ఆయన తన దండం మోగించి, మీట నొక్కి, సరిగ్గానే ఉందమ్మా అన్నాడు. దండానికి తుప్పు పట్టిందేమో చూసుకోమంది వదిన. పెద్దమనిషి, సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నా నాలిక చివరిదాకా వచ్చింది. వదిన విషయంలో అలాంటి మాట ఎందుకు గుర్తుకు రావాలి నాకు.

మొదటి రెండు పేజీలూ చక్కగా పాడింది. పియానో ఎక్కడుంటే అక్కడికి సర్దుకుని పాడుతున్నానని మధ్యలో చెప్పింది కూడా. మూడో పేజీలో నిశ్శబ్దం, తర్వాత ఆవిడ ఒక్కతే. ఎంత బాగుందో. పాదం చివర నా గుత్తి వేశాను. పంటికింద రాయి పడినట్టయింది. ఇద్దరం ఆగిపోయాం. నా వేళ్ళ వంక చూసుకున్నాను, సరైన చోటే ఉన్నాయి. వదిన నా వంక చూసింది.

మళ్ళీ చేశాం. మళ్ళీ రాయి.

ఫిబ్రవరి 12

నేనే తప్పు వాయించి ఉంటాను.

ఫిబ్రవరి 15

నేను తప్పు వాయించలేదు. వదిన ఎత్తుకునే డి, డి కాదు. అర స్వరం కింద ఉంది. పియానో తోడుంటే దాన్ని పట్టుకుని నడుస్తోంది. వదిలేస్తే కిందికి వెళుతోంది, అదే సరైన చోటనుకుంటోంది.

వదిన రావడం ఆలస్యమైతే షాపులో కూర్చున్నాను. ఒక ముసలాయన వచ్చి, ఈమధ్య పేపర్ల వాళ్ళు పిసినారులైపోయి అక్షరాలు మరీ చిన్నగా అచ్చేస్తున్నారని అన్నయ్యతో వాదన పెట్టుకున్నాడు. అన్నయ్య అవునండీ, కాలం పాడైపోయిందండీ అంటూనే అద్దాలు తగిలించాడు. ఆయన వెళ్ళాక నాతో అన్నాడు, రోజూ ఒకరైనా ఇలా వస్తారనీ, చూపు తగ్గిందని ఎవరికి వాళ్ళకి తెలియదనీ, పాపం పేపరునే తిడతారనీ. నేను నవ్వాను. పైకి వెళ్ళేసరికి వదిన పియానోని తిడుతోంది.

ఫిబ్రవరి 19

చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. నా స్నేహితుడికని చెప్పాను. ఆయన నమ్మలేదు, నా చెవిలోనే లైటు వేసి చూశాడు. ఇలాంటి పుట్టు చెవి ఉన్నవాళ్ళలో కొందరికి వయసు మీదపడే కొద్దీ లోపలి కొలత జరుగుతుందట. ప్రతిదీ అర స్వరం పైన వినిపిస్తుందట. వినికిడి మామూలుగానే ఉంటుంది. పరీక్ష చేస్తే ఏ లోపమూ దొరకదు. మందు ఉందా అని అడిగాను. లేదన్నాడు. అద్దాల్లాంటిది ఏదైనా ఉందా అన్నాను. లేదన్నాడు. మరేం చెయ్యాలి అన్నాను. మామూలు వాళ్ళు ఎవరైనా ఇచ్చిన స్వరం పట్టుకునే కదండీ పాడతారు, మీ స్నేహితుడూ అలాగే పాడుకోవచ్చు అన్నాడు. ఆయనకి వదిన తెలియదు.

ఫిబ్రవరి 20

చెప్పాలి.

ఫిబ్రవరి 23

చెప్పడానికే వెళ్ళాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. మెట్లెక్కుతుంటేనే వదిన పైనుంచి, "రా, నీ నిచ్చెన ఎక్కడానికి సిద్ధంగా ఉన్నా," అంది. కూర్చుకున్న మాటలన్నీ గుమ్మం బయట చెప్పులతో పాటే ఉండిపోయాయి.

మూడో పేజీ దగ్గర పాడ్డం మొదలుపెట్టింది, అదే కింద స్వరం. చేతులు ఏం చేశాయో నాకు తెలిసేలోపే చేసేశాయి. గుత్తిని అర స్వరం దింపి వేశాను. ఆ పేజీ మొత్తం దింపి వాయించాను. పాతికేళ్ళుగా గొంతు బాగాలేని గాయకుల కోసం అప్పటికప్పుడు పాటల్ని కిందికి జరిపి వాయించినవాణ్ణి, నాకిది ఎడమచేతి పని. రాయి తగల్లేదు. పాట నున్నగా ముగిసింది.

వదిన కళ్ళు తుడుచుకుంది. "చూశావా, చివరి పేజీలో పియానో ఎంత శ్రుతిగా ఉందో. ఆ శ్రుతి చేసేవాడు సగమే పాడుచేశాడు, మంచివాడు," అంది.

నేను కూడా నవ్వాను. ఏం చెయ్యను మరి. పోనీ, కచేరీ ఒక్కటి గడిచిపోనీ.

మార్చి 3

ఉపన్యాసం మళ్ళీ రాస్తున్నాను. ఆలోచిస్తే, ఆ రెండో మెట్టు సంగతి నేను మరీ సాగదీసి చెప్పానేమో. ఈ పాటకి ఆధార స్వరమే లేదని పెద్దవాళ్ళందరూ ఏనాడో తేల్చారు. ఇల్లే లేని పాట అర స్వరం అటు ముగిస్తే ఏమిటి, ఇటు ముగిస్తే ఏమిటి. ఎవరి కొంపా మునగదు. రెండు పేజీల్లో డి లేకపోవడం యాదృచ్ఛికం కావచ్చు.

యాదృచ్ఛికమే.

(మళ్ళీ చూశాను. తాకబోయి, పక్కకి తప్పుకున్న చోట్లు కూడా ఉన్నాయి. స్వరాల కాగితాలు మూసేశాను.)

మార్చి 9

ఆఖరి ఏడాది పిల్లలకి పరీక్ష. కాలేజీలో పాట నేర్పేది వదినే కాబట్టి ఆవిడే పరీక్షకురాలు, పక్కన రెండో కుర్చీలో నేను. పియానో మూత వేసి ఉంటుంది, అది ఆవిడ పెట్టిన నియమమే. అందరం పిచ్చుక అని పిలిచే పిల్ల వచ్చింది. దానిది కూడా పుట్టు చెవే. నా తర్వాత నువ్వే అని వదిన దాన్ని మూడేళ్ళుగా వెంటేసుకు తిరుగుతోంది. కాగితం మీది పాదాన్ని ఆసరా లేకుండా ఎత్తుకుని పాడింది.

అర స్వరం పైన పాడావంది వదిన. పిల్ల మళ్ళీ పాడింది, అక్కడే. నీకేమైందే, ఇంత నిర్లక్ష్యమా అంది వదిన. తప్పినట్టు రాసేసింది.

పిచ్చుక నా వంక చూసింది. మూత తెరిచి ఒక్క మీట నొక్కితే చాలు. నాది ఆ చెవి కాదు, ఏది ఎక్కడుందో నేనెలా చెప్పగలను, పెద్దావిడ మాటకి అడ్డెలా వెళ్ళను. ఇలా అనుకుంటూ కుక్కిన పేనులా కూర్చున్నాను. పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

మార్చి 11

పిచ్చుక ధైర్యం చేసి వదిన గదికి వెళ్ళిందట. ఇద్దరూ తలుపు వేసుకున్నారు. వరండాలో నేను అటూ ఇటూ తిరిగాను. లోపల్నుంచి పియానో మీద ఒకే స్వరం. ఆగి, మళ్ళీ అదే. తర్వాత ఏమీ లేదు.

పిల్ల తల వంచుకుని వెళ్ళిపోయింది. చాలాసేపటికి వదిన బయటికొచ్చి, దాన్ని పాస్ చేశాననీ, తనే పొరబడ్డాననీ, జలుబు చేసి చెవులు దిబ్బడేశాయనీ చెప్పింది.

జలుబే. వాతావరణం కూడా అలాగే ఉంది.

మార్చి 16

వదిన మూడో పేజీ సాధన చెయ్యనంటోంది. అక్కడ ఒక్కసారే పాడాలి, దాచుకుంటున్నానంటోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మొదటి రెండు పేజీలూ పాడుకున్నాం. కాస్త జాగ్రత్తగా, ఇసకలో నడిచినట్టు పాడుతోంది. పియానో గురించి ఒక్క మాట అనలేదు.

కింద షాపులో అన్నయ్య తన గోడు వెళ్ళబోసుకున్నాడు. మీ వదినకి ఏమైందిరా, పొద్దస్తమానం పియానో దగ్గర నిలబడి ఒక మీట నొక్కడం, ఒక కూత కూయడం, ఇంకో మీట, ఇంకో కూత, తలుపు బందుకి నూనె వెయ్యనట్టు ఉందన్నాడు. మళ్ళీ తల అడ్డంగా ఊపుకుంటుందట, ఛీ ఛీ అనుకుంటుందట. పట్టుదల మనిషి, గొంతు తోముకుంటోందిలే అని సర్దిచెప్పాను. సంగీతం సంగతి ఆయనకేం తెలుసు.

మార్చి 30

చివరి పేజీ ఇప్పుడు చూడకుండా దింపి వాయించగలను. వేళ్ళు వాటంతటవే వెళుతున్నాయి.

ఏప్రిల్ 5

నిన్న అయిపోయింది.

హాలు నిండింది. ఉపన్యాసంలో ఆ మెట్టు సంగతి చెప్పలేదు. ఈ పాటకి ఇల్లంటూ లేదని చెప్పాను. పాత జోకు వేశాను, ఈసారి నవ్వారు. తెర పక్కన వదిన నిలబడి వింటోంది.

మొదటి పేజీ బాగా సాగింది. రెండోది ఇంకా బాగా సాగింది. నిశ్శబ్దం వచ్చింది. వదిన చాలాసేపు ఆగింది, అంతసేపు ఎవరూ ఆగరు. నా చేతులు అప్పటికే కింది మీటల మీద సిద్ధంగా ఉన్నాయి. ఆవిడ ఎత్తుకుంది. గొంతు ఏదో కొత్తగా, కిటికీ తీసినట్టు వినిపించింది. ఏదో తేడా ఉందని లోపల ఎవరో అన్నారు. పెద్ద హాలు కదా, అలాగే ఉంటుందిలే అని నేనే వాడి నోరు మూయించాను. ముప్పై ఏళ్ళు ఆ గొంతు నీడన బతికినవాణ్ణి, సరిగ్గా వినాల్సిన చోట వినలేదు. ఎక్కడ చేరాలా అని మాత్రమే చూసుకుంటున్నాను.

పాదం ముగిసింది. ఆవిడ నిలబడింది. నేను నొక్కాను.

రాయి.

వదిన డి మీద ఉంది. అసలైన డి. అర స్వరం తప్పిందల్లా నా పది వేళ్ళే. వాటిని పైకి తేవాలని తెలుసు. ఎడమచేతి పని అనుకున్నానే, ఆ చెయ్యి కదల్లేదు. నేర్పించిన చోటికే పోతోంది, అక్కడే వాయిస్తోంది. వదిన నా వంక చూడలేదు, ఎదురుగా ఎక్కడో చూస్తోంది. ఆ స్వరాన్ని వదల్లేదు. ఎంతసేపు పట్టుకుందో. తర్వాత నెమ్మదిగా, కావాలని రాసిపెట్టినట్టే, గొంతు జార్చి కిందికి దిగింది. నేనున్న చోటికి వచ్చి ఆగింది. చివరి గుత్తి దాకా అక్కడే ఉంది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చివర్లో ఆ జారుడు ఒళ్ళు జలదరింపజేసింది, ఇల్లు లేకపోవడమంటే ఏమిటో అప్పుడర్థమైందని ప్రిన్సిపాల్ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. పిచ్చుక వెనక వరసలో కూర్చునే ఉంది, అది మాత్రం చప్పట్లు కొట్టలేదు. కారులో అన్నయ్య ఒక్కడే మాట్లాడాడు. ఏ పాటకి ఆ పాటే బాగుందనీ, తనకైతే దేనికీ తేడా తెలియలేదనీ అన్నాడు.

ఏప్రిల్ 7

వెళ్ళాను. వదిన కిటికీ దగ్గర కూర్చుని ఉంది. టీ ఇచ్చింది. తేలు కుట్టిన దొంగలా తాగాను.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అంది.

ఫిబ్రవరి నుంచి అన్నాను. డాక్టర్ సంగతి కూడా చెప్పాను. తనకి ఆ పిల్ల మీట నొక్కి చూపించిన రోజున తెలిసిందట. కళ్ళకి డి మీట కనిపిస్తోంది, చెవికి ఇంకోటి వినిపిస్తోంది. ఏది నమ్మాలో తెలియక ఆ పూట అలాగే కూర్చుండిపోయిందట. ఆ తర్వాత ఒక్కో మీటా నొక్కి, తన చెవికి తప్పుగా వినిపించేదే సరైనదని గొంతుకి నేర్పుకుందట. ఉన్న మెట్టు మీద కాలు పెట్టకుండా, లేదనిపించే మెట్టు మీద పెట్టడం లాంటిదంది. మొన్న హాల్లో ఆ డి ఆవిడకి ఎంత అసహ్యంగా వినిపించిందో చెప్పింది. అయినా అదే పాడిందట.

"నువ్వొచ్చి కింద వాయించాక అర్థమైంది, చివరి పేజీలో పియానో ఎందుకంత బాగుండేదో," అంది. అరవలేదు. అరిచి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

నాకు ముందే ఎందుకు చెప్పలేదు వదినా అన్నాను. నువ్వు చెప్పావా అంది. కింద వీధిలో ఎవరో నిచ్చెన భుజానేసుకుని పోతున్నారు. అదొకటి తక్కువైంది.

"పైనే ఉండాల్సింది. సరైనదే కదా నువ్వు పాడింది. ఎందుకు దిగావు?"

"నువ్వక్కడున్నావు కదా, చంటీ."

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. ఇంకేమీ రాయలేను.

ఏప్రిల్ 8

మద్దెల ఓడు కాదు.

ఏప్రిల్ 15

పరీక్షల పని వదిన మానేసింది. ఆ కుర్చీ పిచ్చుకకి ఇమ్మని, ఇంకా చిన్నదంటే రెండేళ్ళు ఆగి ఇమ్మని ప్రిన్సిపాల్‌కి చెప్పిందట. డాక్టర్‌ని ఇంకోసారి అడిగాను. అదే మాట. ఇంకా జరుగుతుందా అన్నాను. జరగొచ్చన్నాడు, ఎంతో చెప్పలేనన్నాడు.

ఏప్రిల్ 22

పిలవకుండానే వెళ్ళాను. పియానో మూత మీద దుమ్ము లేదు. నన్ను కూర్చోమంది. ఆ పాటే తీసింది, మూడో పేజీ. రాసినట్టే వాయించు అంది. సరే అన్నాను.

నోరు తెరిచి, మళ్ళీ మూసింది. రెండుసార్లు అలా చేసింది. తర్వాత నా వైపు తిరక్కుండానే అంది, "చంటీ, డి ఇవ్వు."

ఇచ్చాను. జీవితంలో రెండోసారి. తల పక్కకి వంచి విన్నది.

"ఇదేనా?"

"ఇదే వదినా."

ఇంకా వింటూనే ఉంది. స్వరం పల్చబడి పోయింది. మళ్ళీ నొక్కాను. "నిజంగా ఇదేనా?" అంది. నేను ఒట్టు పెట్టబోయాను, నా ఒట్టుకి ఇప్పుడేం విలువ ఉందని ఊరుకున్నాను.

వదిన అన్నయ్య చేసిచ్చిన కళ్ళద్దాలు పెట్టుకుంది. కుర్చీ చుట్టూ తిరిగి నా పక్కకి వచ్చి వంగి, నా వేలు ఏ మీట మీద ఉందో చూసింది. సరి చూసుకుని, తన చోటికి వెళ్ళి నిలబడి పాడింది. ఆవిడ పాడ్డం అయ్యేదాకా నేను ఆ మీట మీంచి వేలు తీయలేదు.